పద్నాలుగు మాత్రలు, ఒక హైబ్రిడ్ సైకిల్

యాభై ఏడేళ్ళ వయసులో ఖమ్మంలో సైకిల్ కొని, దాని మీదే చర్ల దాకా తొక్కుకుంటూ వచ్చిన మలేరియా ఉద్యోగి ఎవరైనా ఉన్నారా అని వెతికితే నేనొక్కడినే దొరుకుతాను. పొద్దున్నే బయలుదేరాను. కొత్తగూడెంలో ఇడ్లీ తిన్నాను. భద్రాచలం బ్రిడ్జి దాటాక ఆగి టీ తాగాను. పొద్దు గూకక ముందే చర్లలో దిగాను. ఆ తర్వాత అదే సైకిల్ మీద పద్నాలుగు రోజులు, రోజుకు నలభై కిలోమీటర్లు, అడవి దారిలో వాగు దాటి, ఒక్కసారి కూడా కింద పడకుండా తిరిగాను. మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలకు ఈ సంగతి ఇరవై సార్లయినా చెప్పి ఉంటాను. చెప్పినప్పుడల్లా ఒకటి రెండు కిలోమీటర్లు పెరిగాయి.

నోటితో చెప్పేటప్పుడు ఎదుటివాళ్ళ మొహం చూసి సర్దుకోవచ్చు. రాసేటప్పుడు ఆ వీలు లేదు. అందుకని ముందే ఒప్పుకుంటున్నాను. సైకిల్ ఖమ్మం నుంచి భద్రాచలం దాకా బస్సు టాపు మీద వచ్చింది. అక్కడి నుంచి చర్ల దాకా ట్రాలీ ఆటోలో టమాటా పెట్టెల మధ్య వచ్చింది. నేను రెండింటిలోనూ ముందు సీట్లో కూర్చుని వచ్చాను. చర్ల బస్టాండు నుంచి నా కిరాయి గది దాకా మాత్రం తొక్కాను. అది అర కిలోమీటరు ఉంటుంది. ఇడ్లీ, టీ నిజమే. మిగతావి ఎక్కడెక్కడ సాగదీశానో వరుసలో చెబుతాను.

నా ఉద్యోగం గురించి నాలుగు మాటలు. గూడేలు తిరిగి, ఇంటింటికీ వెళ్ళి, జ్వరం ఉందా అని అడగాలి. ఉంటే వేలు మీద సూదితో పొడిచి, ఒక చుక్క రక్తం గాజు పలక మీద రాసి, దవాఖానాలో ల్యాబుకు చేర్చాలి. అందులో మలేరియా పురుగు కనిపిస్తే మాత్రలు ఇవ్వాలి. జనం నన్ను మలేరియా సారు అనేవాళ్ళు. ప్రతి ఇంటి గోడ మీదా మా వాళ్ళు గళ్ళు అచ్చు కొట్టి ఉంచుతారు. వెళ్ళిన రోజు ఆ గడిలో తేదీ వేసి పొట్టి సంతకం పెట్టాలి. మాత్రలు వాడే మనిషికి ఒక కార్డు ఉంటుంది. మన కళ్ళ ముందు మాత్ర మింగిన ప్రతి రోజుకూ అందులో ఒక టిక్కు పెట్టాలి. గోడ, కార్డు, ఈ రెండే మా పనికి సాక్ష్యం.

వాగు అవతల ఒక గూడెంలో ఒకామె ఉండేది. ముప్పై ఐదేళ్ళుంటాయి. భర్త పోయాడు. ఇద్దరు పిల్లలు. పోడు చేను ఒక్కతే చేసుకుంటుంది. కలెక్టరు ఎదురుగా నిలబడినా నువ్వు అనే మనిషి. ఆమెకు వచ్చిన మలేరియా తిరగబెట్టే రకం. మూడు రోజుల్లో జ్వరం దిగిపోతుంది కానీ పురుగు కాలేయంలో దాక్కుని ఉంటుంది. దాన్ని పూర్తిగా పోగొట్టాలంటే పద్నాలుగు రోజులు ఆగకుండా మాత్ర మింగాలి. ఒంట్లో ఏ బాధా లేని మనిషిని రోజూ మాత్ర మింగమనడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్ళకే తెలుసు.

ఆ కష్టం తప్పించుకోవడానికి మాలో కొందరికి ఒక అలవాటు ఉండేది. మొదటి రోజే పద్నాలుగు రోజుల మాత్రలూ చేతికిచ్చి, అక్కడే మంచం మీద కూర్చుని పద్నాలుగు టిక్కులూ పెట్టేయడం. వీటిని మేము మంచం టిక్కులు అనేవాళ్ళం. తెలివైనవాళ్ళు మధ్యలో పెన్ను మారుస్తారు, వేర్వేరు రోజుల్లో పెట్టినట్టు కనిపించాలని. నేను తెలివైనవాణ్ణి. ఆమె కార్డులో రెండు పెన్నులు వాడాను.

మరుసటి ఏడాది తొలకరి పడగానే ఆమెకు మళ్ళీ జ్వరం వచ్చింది. మా సబ్ సెంటర్ నర్సమ్మ నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. నర్సమ్మ నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. నన్ను సార్ అంటూనే తిట్టగల మనిషి. ఆమె గోడ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపించింది. మా గళ్ళ కింద బొగ్గుతో గీసిన గీతలున్నాయి. నాలుగు.

"ఏందివి?" అని అడిగాను.

మంచంలో దుప్పటి కప్పుకుని వణుకుతున్న ఆమె జవాబు చెప్పింది. "పోయినేడు నువ్వు ఇచ్చిన మాత్రలు మింగినప్పుడల్లా ఒకటి గీసిన. నాలుగు రోజులు మింగిన సారు. కడుపుల మంట లేసింది. జరం ఎట్లాగు పోయింది. మిగిలినయి దాసిపెట్టిన. మా మరిదికి జరమొస్తే రెండు ఇచ్చిన."

"ఏదన్నా తిని మింగినవా?"

"పొద్దున్నే చేనుకు పోయేటప్పుడు ఏం తింటం?"

బయటికి వచ్చాక నర్సమ్మ నా వైపు చూడకుండా అడిగింది. "సార్, మీ కార్డుల పద్నాలుగున్నయి. గోడ మీద నాలుగున్నయి. రిపోర్టుల ఏది రాయాలె?"

నేను వాగు దారి పట్టాను. పోయిన ఏడాది కలుపు రోజుల్లో ఆమె రెండుసార్లు మంచం పట్టిందట. రెండు కలుపులు తప్పిపోయి చేను గడ్డి పాలైందట. ఈ ఏడు కూడా అలాగే అయితే పిల్లలకు గింజలుండవు. నర్సమ్మ ఇదంతా తిరుగుదారిలో చెప్పింది, నేను అడగకపోయినా.

మా దవాఖానాలో డాక్టరమ్మ చిన్నపిల్ల. మా అమ్మాయి ఈడుది. రక్తం పలక చూసి, కార్డు చూసి, నన్ను చూసింది. "ఈసారి మాత్రలు ఆమె చేతికి ఇవ్వొద్దు సార్. రోజూ ఏదన్నా తిన్నాక మీ ముందు మింగాలి. ఈ మాత్ర కొందరి ఒంటికి పడదు, మూత్రం నల్లగా వస్తుందేమో రోజూ అడగాలి. వస్తే వెంటనే ఆపి నాకు చెప్పాలి. పద్నాలుగు రోజులు మీరే వెళ్ళాలి."

"వాగు మీద కల్వర్టు కొట్టుకుపోయింది మేడం. అవతలికి నా మోటార్ సైకిల్ పోదు."

"వాగు దాకా బండి మీద పోయి, అక్కడి నుంచి నడవొచ్చు కదా?"

"మోకాళ్ళు ఒప్పుకోవు మేడం."

ఆమె సొరుగులోంచి నా షుగరు రిపోర్టు తీసింది. నేను చూడమని ఇచ్చి మూడు నెలలుగా తీసుకోవడం మరచిపోయిన కాగితం అది. "ఈ కాళ్ళు మీవేనా సార్, ఎవరికన్నా కిరాయికి ఇచ్చిన్రా? అసలు వాడుతున్నట్టే లేరు. మోకాళ్ళకు నడక కంటే సైకిల్ తేలిక. ఒక మంచి సైకిల్ కొనుక్కోండి. డ్యూటీ అయితది, ఒళ్ళు తగ్గుతది."

పక్కనే ఉన్న నర్సమ్మ వెంటనే అందుకుంది. "టీకాలకు నేను మూడు రోజులు ఆ గూడెమే పోతున్న మేడం. మొదటి మూడు రోజుల జరం మాత్రలు నేను మింగిస్త. సోమవారం కాడికెల్లి పద్నాలుగు రోజులు సారుయి."

అలా ఇద్దరు ఆడవాళ్ళు కలిసి నాకు సైకిల్ కొనిపించారు. అప్పటికి శుక్రవారం. ఆదివారంలోగా సైకిల్ దొరకాలి.

మాది ముదిగొండ వైపు. ఇల్లు ఖమ్మంలో. ఆదివారం పొద్దున ఖమ్మంలో సైకిల్ షాపు తెరవక ముందే వెళ్ళి నిలబడ్డాను. షాపాయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, తలుపు పైకి ఎత్తుతూనే అడిగాడు. "ఏ పనికి సారు?"

"డ్యూటీకి పోవడానికి. ఒళ్ళు తగ్గడానికి."

"రోడ్డు ఎట్లుంటది?"

"సగం తారు, సగం కంకర. కొసకు ఒక వాగు."

ఆయన కళ్ళద్దాలు కిందికి దించుకుని నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "వాగు లోపలికెల్లినా?"

"దాటాలె."

ఆయన నన్ను లోపలికి తీసుకెళ్ళాడు. ఆ రోజు ఆయన చెప్పినవి మీలో ఎవరైనా సైకిల్ కొనాలనుకుంటే పనికొస్తాయి. నేను ముందు చూసింది మెలికలు తిరిగిన హ్యాండిల్, సన్నటి టైర్ల సైకిల్. "అది నున్నటి రోడ్డు మీద పరుగుకు. మీ కంకర మీద రెండో రోజుకే రిమ్ము వంగుతది. నడుం వంచి తొక్కాలె. మీ పొట్ట ఒప్పుకోదు," అన్నాడు. తర్వాత నా కళ్ళు ఒక ఎర్ర సైకిల్ మీద పడ్డాయి. ట్రాక్టరు టైర్ల లాంటి టైర్లు, ముందొక స్ప్రింగు, వెనకొక స్ప్రింగు. ఎక్కి కూర్చుంటే సోఫా లాగా ఊగింది. వాగేమిటి, గోదావరే దాటేయొచ్చనిపించింది.

"అది కొండలల్ల దుంకేటోళ్ళకు. స్ప్రింగుల మీద ఊగుడుకే మీ సత్తువ సగం పోతది. ఇది చూడున్రి, హైబ్రిడ్." ఆయన బూడిద రంగు సైకిల్ ఒకటి ముందుకు తోశాడు.

మా వైపు హైబ్రిడ్ అంటే మిర్చి విత్తనం, కాకపోతే మొక్కజొన్న. "సైకిల్ల హైబ్రిడ్ ఏంది?" అన్నాను.

"రోడ్డు సైకిల్ తేలిక, కొండ సైకిల్ మొండితనం, రెండూ కలిపి చేసింది. హ్యాండిల్ నిటారు, నడుం వంచే పని లేదు. టైరు మరీ సన్నం కాదు, మరీ లావు కాదు. రోజూ డ్యూటీకి పోయేటోళ్ళకు దీనికి మించింది లేదు."

చూడ్డానికి అది బక్కగా, దిగులుగా ఉంది. ఎర్రదాని పక్కన మరీనూ. ఇక్కడ నేను పిల్లలకు ఎప్పుడూ ఏం చెబుతానంటే, మూడు సైకిళ్ళనూ ఒక్కొక్కటిగా ఎత్తి, బరువు చూసి, నిపుణుడిలాగా బూడిద రంగుది ఎంచుకున్నానని. అది కూడా సాగదీసిందే. నిజానికి నేను ఎర్రదాని మీద కూర్చుని ఊగుతూ ఫోటో దిగి నర్సమ్మకు పంపించాను. రెండు నిమిషాల్లో ఆమె ఫోన్ వచ్చింది.

"సార్, దాన్ని ఎత్తి చూసిన్రా?"

"ఎత్తుడెందుకు సిస్టర్, తొక్కడానికి కదా."

"వాగుల మీరు తొక్కరు. వాగుల అది మిమ్మల్ని మోయదు, మీరే దాన్ని మోయాలె. టీకాల డబ్బా భుజాన ఏసుకొని ఆ వాగు దాటేది నేను. బరువేందో నన్నడుగున్రి. దిగి, ఎత్తి చూడున్రి. నేను లైన్ల ఉంట."

దిగి ఎత్తాను. ఎర్రది మోకాలి దాకా వచ్చి ఆగిపోయింది. నడుంలో ఏదో కలుక్కుమంది. కింద పెట్టి, బూడిద రంగుది ఎత్తాను. భుజం దాకా వచ్చింది.

"ఏమైంది సార్?"

"బూడిదది."

"గదే తీసుకోన్రి," అని పెట్టేసింది.

నేను పొడుగు మనిషిని కాబట్టి పెద్ద సైజు ఇవ్వమన్నాను. షాపాయన నన్ను సైకిల్ మధ్య కడ్డీకి అటూ ఇటూ కాళ్ళు పెట్టి నేల మీద నిలబడమన్నాడు. నిలబడ్డాను. ఎక్కడ తగలకూడదో అక్కడ తగిలింది. ఆయన నవ్వకుండా ఒక సైజు తగ్గించి తెచ్చాడు. "నిలబడితే కడ్డీకి, మనిషికి నడుమ నాలుగు వేళ్ళు సందుండాలె. కూసున్నప్పుడు పెడలు కిందికి పోతే కాలు దాదాపు సాపు కావాలె, కొంచెం వంపు మిగలాలె. సీటు తక్కువ పెట్టుకుంటె మోకాళ్ళు పోతయి." బ్రేకులు రెండు రకాలున్నాయన్నాడు. కొత్త రకం బిళ్ళ బ్రేకులు, అంటే డిస్కులు, బాగా పడతాయట. కానీ చెడిపోతే చర్లలో బాగుచేసేవాడు లేడు. పాత రకం రబ్బరు బ్రేకులు మా దవాఖానా ఎదుట పంచర్ షాపులో కూడా మారుస్తారు. రబ్బరు బ్రేకులే తీసుకున్నాను. ఈ ఒక్కటీ నా సొంత తెలివి. నర్సమ్మను అడిగి నిర్ధారించుకోవచ్చు.

వెనక క్యారియరు, మడ్ గార్డులు, స్టాండు బిగించమని పట్టుబట్టాను. స్టాండు లేని సైకిల్ మా ఊళ్ళలో గోడ కోసం వెతుక్కుంటూ తిరగాలి. సందులో ఒక చుట్టు తొక్కి చూశాను. గేర్లు మారుస్తుంటే చైను ఎముకలు నమిలినట్టు శబ్దం చేసింది. వాకిట్లో నిలబడ్డ షాపాయన అన్నాడు, "గేరు మార్చేటప్పుడు తొక్కుడు ఆపొద్దు సారు. అట్లని గట్టిగ తొక్కొద్దు. మెత్తగ తిప్పుకుంట మార్చాలె." రెండో చుట్టులో శబ్దం రాలేదు. నలభై ఏళ్ళ తర్వాత సైకిల్ ఎక్కాను కదా, చెవుల పక్కనుంచి గాలి పోతుంటే కాసేపు షుగరు సంగతీ కార్డు సంగతీ మరచిపోయాను.

సోమవారం తెల్లవారుతూనే బయలుదేరాను. గది నుంచి వాగు దాకా తొమ్మిది కిలోమీటర్లు, వాగు నుంచి గూడెం దాకా రెండు. రానూపోనూ ఇరవై రెండు. నలభై అని మొదట్లో రాశానే, అది ఇదే. ఒక్కసారి కూడా పడలేదన్న మాట కూడా ఇక్కడే సర్దుకుంటాను. పోలీసు క్యాంపు ముందు, దిగుడులో, ముందు బ్రేకు ఒక్కటే నొక్కి కంకరలో పడ్డాను. కాపలా జవాను పరుగెత్తుకొచ్చి ముందు సైకిల్‌ను లేపి, తర్వాత నన్ను లేపాడు. "రెండు బ్రేకులు ఒకేసారి పట్టాలె పెద్దాయనా," అన్నాడు. అది ఒప్పుకుంటున్నాను. పడ్డది ఆ ఒక్కసారే.

వాగులో నీళ్ళు మోకాలి కింద దాకా ఉన్నాయి. చెప్పులు క్యారియరుకు కట్టి, సైకిల్ భుజాన వేసుకుని దాటాను. అవతల ఎక్కి తొక్కుదామంటే దారి లేదు. మొదట ఇసుక, తర్వాత బంకమట్టి, తర్వాత పోడు చేల గట్లు. కొంత నెట్టాను, కొంత మోశాను. నేను గూడెంలో అడుగు పెట్టేసరికి జనం పనులు ఆపి చూశారు. ముసలమ్మలు కోయ భాషలో ఏదో అనుకుని నవ్వారు. నాకు ఆ భాష నాలుగు ముక్కలు వచ్చు. వాళ్ళు అన్నది ఆ నాలుగింటిలో లేదు, నయం.

ఆమె కొడవలి పట్టుకుని చేనుకు బయలుదేరుతోంది. ముందు జావ తాగమన్నాను. తాగింది. ఆ రోజు నేను ఆమెకు చెప్పిన పాఠం ఇప్పటికీ గుర్తుంది. కాలేయం ఎక్కడుంటుందో పొట్ట మీద చేయి పెట్టి చూపించాను. అందులో పురుగు ఎలా నక్కి ఉంటుందో, పద్నాలుగు రోజులు ఎందుకో, మధ్యలో మానేస్తే ఏమవుతుందో అరగంట చెప్పాను. నా ఉద్యోగంలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. ఆమె తల ఊపుతూ విన్నది. మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. నోరు తెరిచి చూపించమన్నాను. చూపించింది. కార్డులో ఒక్క టిక్కు పెట్టాను, ఒకే ఒక్కటి. గోడ మీద సంతకం పెట్టాను. తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు.

అలా రోజులు గడిచాయి. జావ తాగినవా, మూత్రం ఎట్లుంది, నోరు తెరువు. ఇవే మూడు ప్రశ్నలు. నాలుగో రోజుకు ఆమె నేను అడగకముందే జావ గిన్నె బోర్లించి చూపించేది. మాత్ర వేసుకున్నాక నోరంతా తెరిచి, నాలుక పైకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూపించేది, కావాలని. పక్కింటామె నవ్వేది. ఆరో రోజుకు నా ప్యాంటు బెల్టు ఒక రంధ్రం లోపలికి వెళ్ళింది. మోకాళ్ళు సణగడం మానేశాయి. కంకర రోడ్డు చడావు ఎక్కేటప్పుడు చిన్న గేరుకు ఎప్పుడు మార్చాలో కాలికి దానంతటదే తెలిసిపోయింది. ఈ ఉద్యోగం ఇంకో పదేళ్ళు చేయొచ్చనిపించింది. అంత సర్వీసు మిగల్లేదు, అది వేరే సంగతి.

తొమ్మిదో రోజు తెల్లవారుజాము నుంచి వాన. వాగు దగ్గరికి వెళ్ళేసరికి ఎర్ర నీళ్ళు ఒడ్డు నుంచి ఒడ్డుకు తోసుకొస్తున్నాయి. దిగితే నేనూ సైకిలూ కలిసి గోదావరిలో తేలతాం. అవతలి ఒడ్డున తాటాకు గొడుగు కింద ఆమె నిలబడి ఉంది. నేను రాలేనని తెలిసి తనే రెండు కిలోమీటర్లు నడిచి వచ్చింది.

అప్పుడు నా మనసులో ఏముందో దాచకుండా చెబుతాను. జేబులో కార్డు ఉంది. పెన్ను ఉంది. ఆమె అక్కడ నిలబడి ఉంది, నేను ఇక్కడ నిలబడి ఉన్నాను, వాన పడుతోంది. ఒక్క రోజే కదా, టిక్కు పెట్టేసి వెళ్ళిపోవచ్చు. ముప్పై ఏళ్ళ అలవాటు. చేయి జేబు దాకా వెళ్ళింది కూడా. ఆమె మాత్రం అరచేయి చాపి పట్టుకుని నిలబడింది. అంత దూరం నుంచి ఆ అరచేయి ఒక్కటే స్పష్టంగా కనిపించింది.

వాగు సన్నబడే చోటు దాకా ఒడ్డు వెంట నడిచాను. ఆమె అటువైపు నడిచింది. ఆ రోజు మాత్ర ఒక్కటి ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఒక రాయి కలిపి ముడేసి విసిరాను. నేను చిన్నప్పుడు మామిడికాయలు కొట్టడంలో మొనగాణ్ణని చెప్పుకునేవాణ్ణి. అది వాగు మధ్యలో పడింది.

"చేతుల బలం లేదా సారు?" అని అవతలి నుంచి అరిచింది.

రెండోది ముడేశాను. చెప్పులు విడిచి, నాలుగడుగులు వెనక్కి పోయి, పరుగెత్తుకొచ్చి విసిరాను. ఆమె వెనక పొదలో పడింది. వెతికి తీసుకుంది. వానలోనే కొంగులోంచి జావ సీసా తీసి ఊపి చూపించింది, తాగానన్నట్టు. మాత్ర నోట్లో వేసుకుని, ఆ సీసాలో మిగిలిన జావ తాగి, ఒడ్డు అంచుకు వచ్చి, నా వైపు నోరంతా తెరిచి నాలుక తిప్పింది. నా చూపుకు ఆ దూరం అందదు. అయినా నాకు కనిపించింది. టిక్కు పెట్టాను. వానకు ఇంకు కొంచెం అలుక్కుపోయింది. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ తొమ్మిదో టిక్కు చూస్తే గర్వంగా ఉంటుంది. వాగులో పోయిన మాత్రకు బదులు డాక్టరమ్మ ఇంకొకటి ఇచ్చింది, ఎందుకు తగ్గిందో విని చాలాసేపు నవ్వాక.

పద్నాలుగో రోజు కార్డు నిండింది. మొత్తం ఒకే పెన్నుతో. గోడ మీద బొగ్గు గీతలు కూడా నిండుగా ఉన్నాయి. వాటిని నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాల్సిన అవసరం ఏముంది, రోజూ నా కళ్ళ ముందే కదా.

ఆ ఏడాది ఆమె కలుపు తప్పలేదు. చేను పండింది. జ్వరం మళ్ళీ రాలేదు. నాలుగేళ్ళవుతోంది, ఇప్పటికీ రాలేదు. నా షుగరు అదుపులోకి వచ్చింది. రిటైరయ్యాక కూడా చర్ల గది వదల్లేదు. బూడిద రంగు సైకిల్‌కు రెండు సార్లు టైర్లు మార్చాను, చైను ఒకసారి మార్చాను. వారానికి మూడు రోజులు ఆ దారినే తొక్కుతాను. వాగు మీద కొత్త కల్వర్టు పడింది. మోసే పని లేదు.

మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. టిక్కు పెట్టే ముందు మనిషి నోరు చూడండి. విడమరిచి చెబితే ఎవరైనా వింటారు. ఆ మొదటి రోజు నేను చెప్పిన అరగంట పాఠమే ఆమె చేత పద్నాలుగు రోజులు మాత్ర మింగించింది. మంచి సైకిల్, మంచి మాట, ఈ రెండూ ఉంటే ఏ వాగూ అడ్డం కాదు.

ఇక్కడితో ఈ వ్యాసం అయిపోవాలి. కానీ అచ్చుకు ఇచ్చే ముందు ఆమెకు చదివి వినిపించడం న్యాయమనిపించింది. పోయిన వారం సైకిల్ మీద గూడెం వెళ్ళాను. నర్సమ్మ కూడా టీకాల పని మీద అక్కడే ఉంది. మాత్రలు మింగినామె చాట ముందేసుకుని కందులు చెరుగుతోంది. మొదటి నుంచి చివరి దాకా చదివాను. మంచం టిక్కుల దగ్గర నర్సమ్మ నవ్వింది. పాఠం దగ్గరికి వచ్చేసరికి ఆమె చెరగడం ఆపింది.

"మొదటి రోజు మాత్ర నేను మింగలే," అంది.

"నోరు తెరిచి చూపించినవ్ కదా."

"దవడకు పెట్టుకున్న. నువ్వు అటు పోంగనే ఉమ్మేసిన. మల్ల కడుపుల మంట లేస్తదని."

"మరి పద్నాలుగు గీతలు?"

"నువ్వు వచ్చిన రోజులయి పదమూడే. కడమది నీ రోజులు అయిపోయిన తెల్లారి నర్సమ్మ తెచ్చి ఇచ్చింది. ఆమెకు చెప్పిన."

నర్సమ్మ వైపు చూశాను. ఆమె టీకాల డబ్బా మూత సరిచేస్తూ అంది, "మీకు చెప్పొద్దన్న సార్. ఒకే పెన్నుతోని నింపిన కార్డు, చూసుకొని మురుస్తున్నరు."

"పాఠం విని కదా రెండో రోజు నుంచి మింగింది?" అని అడిగాను. గొంతు నాకే కొంచెం బతిమాలినట్టు వినిపించింది.

ఆమె చాట పక్కన పెట్టింది. "నీ పాఠం నాకు ఒక్క ముక్క తెల్వలే సారు. మాత్ర ఉమ్మేసి నేను చేనుకు పోతున్న. మా చేను నుంచి వాగు కనబడతది. నువ్వు సైకిల్ భుజాన ఏసుకొని దాటుకుంట, నడుమ జారి, నీళ్ళల్ల కూలబడ్డవ్. నడుం దాక మునిగినవ్. చేతులతోని సైకిల్ను మాత్రం పైకి పట్టుకున్నవ్. చాన సేపు గట్లనే కూసున్నవ్. నేననుకున్న, ఇగ ఈ సారు రాడు. తెల్లారి చూస్తే మల్ల వచ్చినవ్, గదే సైకిల్ మోసుకొని. ఇగ ఉమ్మబుద్ధి కాలే. గంతే."

నేను కాగితాలు మడిచాను. వాగులో పడ్డ సంగతి ఎవరూ చూడలేదనుకున్నాను. అందుకే రాయలేదు.

ఆమె మళ్ళీ చాట అందుకుని, కందులు ఎగరేస్తూ అంది. "ఇంకోటి కూడ రాయి. వాగు కాడ ఆ సైకిల్‌ను చెట్టుకు ఆనిచ్చి నడిసొస్తే, ఇంకా జల్దీ వచ్చేటోనివి."